సంస్కారాలు (కతోలిక): జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి విచారణల్లో స్వీకరణ

కతోలిక సంఘంలో విశ్వాసి పుట్టుక నుంచి మరణం దాకా స్వీకరించే ఏడు ప్రధాన ఆరాధన కర్మలను సంస్కారాలు లేదా దివ్యసంస్కారాలు అంటారు. పాత తెలుగు జపపుస్తకాల్లోనూ పెద్దల నోటా వీటిని దేవద్రవ్యానుమానాలని వింటాం. అవి జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం, దివ్యసత్ప్రసాదం, పాపసంకీర్తనం, అవస్థ అభ్యంగనం, గురుపట్టం, జ్ఞానవివాహం. కంటికి కనిపించే గుర్తు ద్వారా దేవుని వరప్రసాదం అందుతుందనేది వీటి వెనుక ఉన్న నమ్మకం. ఈ వ్యాసం ఆ నమ్మకపు వేదాంతం కన్నా, తెలంగాణలోని ఉమ్మడి వరంగల్ జిల్లా గ్రామ విచారణల్లో వాటిని స్వీకరించే తీరును ఎక్కువగా వివరిస్తుంది.

పరిధి, పాలన

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబరు 11న ఏర్పడ్డాయి. కతోలిక పాలనలో ఈ ప్రాంతానికి కేంద్రం వరంగల్ మేత్రాసనం (పీఠాధిపతి పాలించే ప్రాంతం). హైదరాబాద్ మేత్రాసనం నుంచి విడదీసి 1952 డిసెంబరు 22న దీన్ని ఏర్పాటు చేశారు. మిలాన్ విదేశీ మిషనరీల సంస్థకు చెందిన ఇటలీ దేశస్థుడు అల్ఫోన్సో బెరెట్టా 1953 నుంచి 1985 వరకు మొదటి పీఠాధిపతి. ఆయన తర్వాత 1986లో తుమ్మ బాల నియమితులయ్యారు. ప్రధాన దేవాలయం కాజీపేట ఫాతిమానగర్‌లోని ఫాతిమా మాత కేథడ్రల్. ఖమ్మం 1988లో వేరే మేత్రాసనమైంది.

రెవెన్యూ హద్దులు మారిన ప్రతిసారీ మేత్రాసనపు హద్దులు మారవు. బయ్యారం, గార్ల మండలాలు 2016లో ఖమ్మం జిల్లా నుంచి మహబూబాబాద్‌లోకి వచ్చాయి. అందువల్ల పెండ్లి కాగితాల కోసం ఏ మేత్రాసనానికి వెళ్లాలో తేల్చడానికి జిల్లా పేరు చాలదు, విచారణ పేరు కావాలి.

విచారణ అంటే ఒక విచారణ గురువు బాధ్యతలో ఉండే విశ్వాసుల సమూహం, దాని ప్రాంతం. కేంద్ర దేవాలయం చుట్టూ శాఖా గ్రామాలు, తండాలు, గూడేలు ఉంటాయి. కేంద్రంలో రోజూ పూజ జరుగుతుంది. చాలా శాఖా గ్రామాలకు మాత్రం గురువు నెలకు ఒకటి రెండుసార్లే రాగలరు. మిగతా ఆదివారాల్లో ఉపదేశి ప్రార్థన నడిపిస్తాడు, వాక్యం చదువుతాడు, పిల్లలకు సత్యోపదేశం చెబుతాడు. ఎవరింట్లో బిడ్డ పుట్టిందో, ఎవరు మంచం పట్టారో గురువుకు ముందుగా తెలిసేది అతని వల్లే. సంస్కారం ఇచ్చే అధికారం గురువుదే అయినా స్వీకరించేవారిని సిద్ధం చేసే భారం ఎక్కువగా ఉపదేశిది. ఉపదేశి పనిని పోపు ఫ్రాన్సిస్ 2021 మే 10న ప్రత్యేక సేవాపదవిగా ప్రకటించారు. తెలుగు పల్లెలకు అంతకు చాలా ముందు నుంచే ఆ పదవి తెలుసు.

చారిత్రక నేపథ్యం

సంస్కారాలు ఏడు అనే లెక్క 12వ శతాబ్దంలో స్థిరపడింది. ప్రొటెస్టెంట్ సంస్కర్తలు దాన్ని ప్రశ్నించగా ట్రెంట్ మహాసభ 1547లో అధికారికంగా నిర్ధారించింది. ఏడాదికి ఒకసారైనా పాపసంకీర్తనం చేయాలన్న నియమం 1215 నాటి నాలుగో లాటరన్ మహాసభది. బుద్ధి తెలిసిన వయసు రాగానే, అంటే సుమారు ఏడేళ్లకే, పిల్లలకు సత్ప్రసాదం ఇవ్వవచ్చని 1910లో పదో భక్తినాథ పోపు ఆదేశించారు. అంతకుముందు చాలా దేశాల్లో పన్నెండు, పద్నాలుగేళ్ల దాకా ఆగేవారు.

తెలుగు నేల మీద కతోలిక సంస్కారాల ఆచారాన్ని నాటినవారిలో 18వ శతాబ్ది ఆరంభంలో రాయలసీమకు వచ్చిన జెస్విట్ గురువులు ముఖ్యులు. రాయప్ప (పేతురు), చిన్నప్ప (పౌలు), ఇన్నయ్య (ఇగ్నేషియస్), శౌరి (జేవియర్) వంటి జ్ఞానస్నానపు పేర్లు తెలుగు కతోలికుల్లో వాడుకలో ఉన్నాయి. నిజాం రాజ్యంలో 19వ శతాబ్ది మధ్య నుంచి మిలాన్ మిషనరీలు పనిచేశారు. హైదరాబాద్ 1886లో మేత్రాసనంగా, 1953లో అగ్రమేత్రాసనంగా మారింది.

స్వీకరణ తీరును పూర్తిగా మార్చింది రెండో వాటికన్ మహాసభ (1962–65). 1963 డిసెంబరు 4న వెలువడిన ఆరాధన పత్రం లాటిన్ స్థానంలో ప్రజల భాషకు దారి తెరిచింది. 1969 ఏప్రిల్ 25న రోమ్ భారతదేశానికి పన్నెండు సవరణలను అనుమతించింది. చెప్పులు బయట విడవడం, నేలపై కూర్చోవడం, చేతులు జోడించి నమస్కరించడం, హారతి వంటివి వాటిలో ఉన్నాయి. పల్లె దేవాలయాల్లో ప్రజలు అప్పటికే ఎలాగూ నేల మీదే కూర్చుంటున్నారు. ప్రస్తుతం అమల్లో ఉన్న సంఘ చట్టం 1983 నవంబరు 27న అమల్లోకి వచ్చింది.

జ్ఞానస్నానం

మిగతా ఆరింటికీ ద్వారం ఇదే. జ్ఞానస్నానం లేనివారు మరే సంస్కారాన్నీ చెల్లుబాటుగా పొందలేరు. తలపై నీళ్లు పోస్తూ లేదా నీళ్లలో ముంచుతూ పిత, పుత్ర, పవిత్రాత్మల నామాన్ని ఉచ్చరించడం దీని సారం. నీరు, మాట రెండూ తప్పనిసరి. గురువు ‘నేను’ అనాల్సిన చోట ‘మేము’ అంటే ఆ జ్ఞానస్నానం చెల్లదని 2020 ఆగస్టులో రోమ్ స్పష్టం చేసింది. ప్రాణాపాయంలో ఎవరైనా, క్రైస్తవేతరులు సైతం, సంఘం ఉద్దేశించినదే చేయాలన్న మనసుతో జ్ఞానస్నానం ఇవ్వవచ్చు.

శిశువుకు పుట్టిన మొదటి వారాల్లోనే ఇప్పించాలని చట్టం చెబుతుంది. పల్లెల్లో వాస్తవం వేరు. తొలి కాన్పు పుట్టింట్లో జరగడం ఆచారం కాబట్టి తల్లీబిడ్డ అత్తింటికి చేరాకో, బంధువులు కూడే పండుగకో కార్యం పెట్టుకుంటారు. తల్లిదండ్రుల్లో కనీసం ఒకరి సమ్మతి, బిడ్డ కతోలిక విశ్వాసంలో పెరుగుతుందన్న ఆశ ఉండాలి. జ్ఞానతండ్రి, జ్ఞానతల్లి, లేదా ఇద్దరిలో ఒకరు ఉంటే చాలు. వారికి మామూలుగా 16 ఏళ్లు నిండాలి. వారు భద్రమైన అభ్యంగనం, సత్ప్రసాదం పొందిన కతోలికులై ఉండాలి. కన్న తల్లిదండ్రులు ఆ పాత్ర వహించకూడదు. ప్రొటెస్టెంట్ బంధువు కతోలిక జ్ఞానతండ్రి లేదా జ్ఞానతల్లితో పాటు సాక్షిగా మాత్రమే నిలబడవచ్చు.

ఈ చివరి నియమం ఇక్కడ తరచూ అవసరపడుతుంది. మహబూబాబాద్ జిల్లాలోని డోర్నకల్ ఆంగ్లికన్ చరిత్రలో పెద్ద పేరు. తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ వి.ఎస్. అజరయ్య 1912లో అభిషిక్తులై అక్కడి నుంచే పనిచేశారు. ఆ మేత్రాసనం 1947లో దక్షిణ ఇండియా సంఘంలో కలిసింది. ఆ సంఘంలో పొందిన జ్ఞానస్నానాన్ని కతోలికులు చెల్లుబాటుగానే గుర్తిస్తారు. కతోలిక విచారణలో చేరేవారికి మళ్లీ నీళ్లు పోయరు, విశ్వాస ప్రమాణం చేయిస్తారు. స్వతంత్ర ప్రార్థన మందిరాల నుంచి వచ్చేవారి విషయంలో మాత్రం ఏ మాటలతో ఇచ్చారో విచారించాలి. యేసు నామంలో మాత్రమే ఇచ్చింది చెల్లదు. విచారించినా సందేహం తీరకపోతే షరతుతో మళ్లీ ఇస్తారు.

పెద్ద వయసులో విశ్వాసంలోకి వచ్చేవారికి 1972 నాటి దీక్షాక్రమం వర్తిస్తుంది. నెలల తరబడి సత్యోపదేశం తర్వాత, వీలైతే ఈస్టర్ జాగరణ రాత్రి, జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం, సత్ప్రసాదం మూడూ ఒకేసారి ఇస్తారు. అప్పటికే పెండ్లయిన దంపతులిద్దరూ జ్ఞానస్నానం పొందితే వారికి మళ్లీ పెండ్లి జరిపించరు. ఉన్న వివాహమే సంస్కారమవుతుంది.

జ్ఞానస్నాన పుస్తకం

సంస్కారాల వ్యవస్థ మొత్తాన్ని కలిపి ఉంచేది దేవాలయ కార్యాలయంలోని ఒక పుస్తకం. అందులో బిడ్డ పేరు, పుట్టిన తేదీ, ఊరు, తల్లిదండ్రులు, జ్ఞాన తల్లిదండ్రులు, ఇచ్చిన గురువు, తేదీ ఉంటాయి. తర్వాత జరిగే భద్రమైన అభ్యంగనం, వివాహం, గురుపట్టం, సన్యాస మాటపట్టు అన్నీ అదే వరుస పక్కన నమోదు కావాలి. పెండ్లి హైదరాబాద్‌లో జరిగినా ఆ సమాచారం జ్ఞానస్నానం ఇచ్చిన విచారణకు చేరాలి. అందుకే పెండ్లికి కొత్తగా తీసిన జ్ఞానస్నాన పత్రాన్నే అడుగుతారు. పాత నకలు ఇంట్లో ఉన్నా, ఆ తర్వాత ఏం జరిగిందో అది చెప్పదు.

చిక్కులు ఇక్కడే మొదలవుతాయి. పుస్తకంలో ‘ఇన్నయ్య’ అని ఉన్న మనిషి పదో తరగతి మెమోలో మరో పేరుతో ఉంటాడు. ఇంటిపేరు ఒకచోట ఉంటుంది, మరోచోట ఉండదు. వలస వెళ్లిన కుటుంబాలకు ఏ విచారణలో జ్ఞానస్నానం జరిగిందో గుర్తుండదు. పత్రం దొరకనప్పుడు నమ్మదగిన ఒక్క సాక్షి మాట చాలు, ఆ వ్యక్తి పెద్దయ్యాక స్వీకరించి ఉంటే అతని ప్రమాణమే చాలునని చట్టం వెసులుబాటు ఇచ్చింది.

ఆ పుస్తకానికి దేవాలయం గోడల బయట కూడా బరువుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కుల హోదా హిందువులకే పరిమితమైంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. తెలంగాణలో దళిత క్రైస్తవులు బీసీ–సి వర్గంలోకి వస్తారు. షెడ్యూల్డ్ తెగల హోదాకు ఇలాంటి మత షరతు లేదు కాబట్టి లంబాడా, కోయ కతోలికులకు ఈ ఇబ్బంది లేదు. పుదుచ్చేరికి చెందిన ఒక కేసులో 2024 నవంబరు 26న సుప్రీంకోర్టు, పిటిషనరు శైశవంలో పొందిన జ్ఞానస్నానాన్ని కూడా పరిగణనలోకి తీసుకుని కుల ధ్రువపత్రం అభ్యర్థనను తోసిపుచ్చింది. ఈ నేపథ్యంలో కొన్ని కుటుంబాలు పేరు నమోదుకు వెనుకాడటం అర్థం చేసుకోదగిందే. సంఘ చట్టం మాత్రం ఈ నమోదును విచారణ గురువు ఇష్టానికి వదలలేదు.

దివ్యసత్ప్రసాదం

పూజలో ప్రతిష్ఠించిన అప్పాన్నీ ద్రాక్షారసాన్నీ క్రీస్తు శరీర రక్తాలుగా స్వీకరించడం సత్ప్రసాద సంస్కారం. అప్పం గోధుమ పిండితోనే చేయాలి, రసం ద్రాక్షదే కావాలి. ఇది అన్నం తినే ప్రాంతమే అయినా బియ్యప్పిండి పనికిరాదు. స్వీకరించే ముందు గంటసేపు నీళ్లు, మందులు తప్ప ఏమీ తీసుకోకూడదు. అర్ధరాత్రి నుంచి ఉపవాసం ఉండాలన్న పాత నియమం 1950ల నుంచే సడలుతూ వచ్చింది, అయినా దాన్ని పాటించే ముసలివాళ్లు ఉన్నారు.

తొలి సత్ప్రసాదానికి చాలా విచారణల్లో వేసవి సెలవులే అనువు. పిల్లలను కొన్నాళ్లు కేంద్రంలో కూర్చోబెట్టి మఠకన్యలు, ఉపదేశులు జపాలు, పది ఆజ్ఞలు నేర్పుతారు. మొదటి పాపసంకీర్తనం దీనికి ముందు జరగాలి. ఏడాదికి ఒకసారైనా, ఈస్టర్ కాలంలో, సత్ప్రసాదం స్వీకరించాలన్నది కనీస నియమం. గురువు నెలకోసారి వచ్చే తండాలో ఆ కనీసం, గరిష్ఠం మధ్య దూరం పెద్దగా ఉండదు.

పాపసంకీర్తనం

పశ్చాత్తాపంతో గురువు ఎదుట పాపాలు ఒప్పుకుని క్షమాపణ పొందే సంస్కారమిది. విభూది బుధవారంతో మొదలయ్యే తపస్కాలంలో, క్రిస్మస్‌కు ముందు దీనికి రద్దీ ఎక్కువ. ఆ రోజుల్లో పక్క విచారణల గురువులు వచ్చి కలిసి కూర్చుంటారు. తెలిసిన గురువు దగ్గర చెప్పుకోవడానికి జంకే గ్రామస్థులకు ఇది మేలే. విన్నదాన్ని గురువు ఏ కారణంతోనూ బయటపెట్టకూడదు. నేరుగా బయటపెడితే తక్షణ సంఘ బహిష్కారం. లంబాడా భాషలోనే చెప్పుకోదలచినవారు దుబాసీని పెట్టుకోవచ్చు, అతనికీ గోప్యత తప్పనిసరి.

భద్రమైన అభ్యంగనం

పరిమళ తైలంతో నుదుట సిలువ గుర్తు వేసి పవిత్రాత్మ వరాలను ముద్రించే సంస్కారం. సాధారణంగా ఇచ్చేది పీఠాధిపతి. అందువల్ల ఆయన విచారణ సందర్శన, ఈ అభ్యంగనం ఒకే రోజున కలిసి వస్తాయి. ఊరి పొలిమేర నుంచి డప్పులతో, పూలదండలతో తోడుకొస్తారు. కొన్నేళ్లకోసారి జరిగే కార్యం కాబట్టి చదువులకు, పనులకు ఊరు విడిచిన యువకులు దాన్ని కోల్పోతారు. అది పెండ్లి సమయంలో బయటపడుతుంది.

జ్ఞానవివాహం

లాటిన్ ఆచారంలో వివాహ సంస్కారాన్ని ఒకరికొకరు ఇచ్చుకునేది వధూవరులే. గురువు సంఘం తరఫున వారి సమ్మతిని అడిగి స్వీకరిస్తారు. ఇద్దరు సాక్షులు ఉండాలి. ఉంగరాలతో పాటు పుస్తెను ఆశీర్వదించి కట్టించడం తెలుగు కతోలికుల ఆచారం. పుస్తెపై సిలువ లేదా పావురం గుర్తు ఉంటుంది.

ప్రధానం అయ్యాక వధూవరులు వేర్వేరుగా విచారణ గురువును కలవాలి. బలవంతం ఉందా, పాత పెండ్లి ఉందా, చుట్టరికం ఏమిటి అని అడిగి రాసుకుంటారు. ఆ తర్వాత ఇద్దరి విచారణల్లోనూ ఆదివారం పూజలో ప్రకటనలు చదువుతారు. అభ్యంతరం తెలిసినవారు చెప్పడం బాధ్యత.

ఈ ప్రశ్నల్లో ఎక్కువగా తేలేది మేనరికం. సంఘ చట్టం ప్రకారం పక్క శాఖలో, అంటే ఒకరి నుంచి ఒకరు పుట్టని బంధువుల్లో, నాలుగో అంతరం వరకు రక్తసంబంధీకుల వివాహం చెల్లదు. ఉమ్మడి పూర్వీకుణ్ని వదిలి రెండు వైపులా మనుషులను లెక్కిస్తే అంతరం వస్తుంది. మేనబావ, మేనమరదలు నాలుగో అంతరం. మేనమామ, మేనకోడలు మూడో అంతరం. పెదనాన్న పిల్లలు తెలుగువారికి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. మేనత్త కూతురు మాత్రం పెండ్లికి వరసైన పిల్ల. చట్టం లెక్కలో ఈ రెండు చుట్టరికాలకూ తేడా లేదు. అందుకే మేనరికం కుదిరితే పీఠాధిపతి నుంచి మినహాయింపు రావాలి. దానికి తగిన కారణం చూపాలి. తోబుట్టువుల మధ్య, నేరు వంశంలో మినహాయింపు ఎన్నడూ ఉండదు. 1917 నాటి చట్టం ఇంకా కఠినం. తోబుట్టువుల మనవళ్లు, మనవరాళ్ల మధ్య పెండ్లి వరకు నిషేధించింది. చనిపోయిన భార్య చెల్లెలిని చేసుకోవడానికీ, జ్ఞానతండ్రి జ్ఞానకుమార్తెను చేసుకోవడానికీ అప్పట్లో అడ్డంకి ఉండేది. 1983 చట్టం ఆ రెంటినీ తీసేసింది. తల్లిలేని పిల్లల కోసం మరదలిని చేసుకునే తెలంగాణ ఇండ్లలో ఇది చిన్న మార్పు కాదు.

ఇతర సంఘాల క్రైస్తవులను చేసుకోవడానికి పీఠాధిపతి అనుమతి చాలు. జ్ఞానస్నానం లేనివారితో అయితే మినహాయింపు కావాలి, అది లేకుంటే వివాహమే చెల్లదు. రెండు సందర్భాల్లోనూ కతోలిక పక్షం తన విశ్వాసాన్ని నిలుపుకుంటానని, పిల్లలకు కతోలిక జ్ఞానస్నానం ఇప్పించడానికి శక్తిమేర ప్రయత్నిస్తానని మాటివ్వాలి.

పౌర చట్టం వైపు 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం వర్తిస్తుంది. ఆ చట్టం పెండ్లిని ఉదయం 6 నుంచి రాత్రి 7 మధ్య జరపమంటుంది, కతోలిక పీఠాధిపతి ప్రత్యేక అనుమతి ఇస్తే సమయం మారవచ్చు. రాత్రి ముహూర్తాలకు అలవాటుపడిన చుట్టాలు కతోలిక పెండ్లికి పొద్దున్నే రావాల్సి రావడానికి ఇదొక కారణం. వధువుకు 18, వరుడికి 21 ఏళ్లు నిండాలి. సంఘ చట్టంలోని కనిష్ఠ వయసు 14, 16 ఏళ్లే అయినా, పౌర చట్టం గుర్తించని పెండ్లిని పీఠాధిపతి అనుమతి లేకుండా జరపకూడదు. ఇక సంఘ న్యాయస్థానం వివాహం శూన్యమని ప్రకటించినా దేశ చట్టం ముందు అది విడాకులు కాదు. 1996లోనూ 2017లోనూ సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. మళ్లీ పెండ్లి చేసుకోవాలంటే రెండు చోట్లా తీర్పు కావాలి.

తపస్కాలంలో, ఆగమన కాలంలో ఆర్భాటపు పెండ్లిళ్లను నిరుత్సాహపరుస్తారు. పత్తి, మిరప డబ్బులు చేతికొచ్చాక, ఈస్టర్ తర్వాత అవి ఒక్కసారిగా వస్తాయి.

అవస్థ అభ్యంగనం

రోగం లేదా వృద్ధాప్యం వల్ల ప్రమాదం మొదలైనవారికి నుదుట, చేతులకు పవిత్ర తైలం పూసి ప్రార్థించే సంస్కారం. గురువు మాత్రమే ఇవ్వగలరు. మరణ శయ్య మీదే ఇవ్వాలన్న పాత అభిప్రాయాన్ని 1972 నవంబరు 30 నాటి పోపు ఆరో పౌలు పత్రం మార్చింది. పెద్ద ఆపరేషన్‌కు ముందూ, జబ్బు తిరగబెట్టినప్పుడూ మళ్లీ పొందవచ్చు. ఒలీవ నూనె దొరకని చోట మరో మొక్క నూనె వాడవచ్చని కూడా ఆ పత్రమే అనుమతించింది. ఊళ్లో మాత్రం ఫాదర్ గారు నూనె పట్టుకుని వచ్చారంటే ఆశ వదులుకున్నట్టేనన్న భయం పోలేదు. అందుకే కబురు ఆలస్యమవుతుంది, చాలాసార్లు వరంగల్ ఆసుపత్రికి తీసుకెళ్లాక గుర్తొస్తుంది.

మరణించినవారికి ఏ సంస్కారమూ ఇవ్వరు. అంత్యక్రియలు, సమాధుల ఆశీర్వాదం, గృహప్రవేశ ప్రార్థన సంస్కారాలు కావు, సంస్కారానుకరణాలు. అయితే విచారణ గురువు దగ్గరకు ఎక్కువమంది వచ్చేది వీటికే.

గురుపట్టం

పీఠాధిపతి హస్తనిక్షేపంతో డీకను, గురువు, పీఠాధిపతి అనే మూడు అంతస్తుల్లో ఇచ్చే సంస్కారం. పురుషులకే ఇస్తారు. గురువు కావడానికి కనీసం 25 ఏళ్లు, సంవత్సరాల తరబడి తత్వశాస్త్ర, వేదాంత విద్య కావాలి. స్వగ్రామంలో కొత్త గురువు చేసే తొలి పూజ ఊరందరి పండుగ. ఆ రోజున తల్లిదండ్రులకు మర్యాదలు పెండ్లిని మించి జరుగుతాయి.

కానుకలు

సంస్కారం అమ్మకం వస్తువు కాదు. అధికారులు నిర్ణయించిన కానుకకు మించి అడగకూడదని, పేదరికం కారణంగా ఎవరికీ నిరాకరించకూడదని చట్టం. ఆ మొత్తాన్ని అగ్రమేత్రాసనపు ప్రాంతంలోని పీఠాధిపతులు కలిసి నిర్ణయిస్తారు. వరంగల్‌కు అది హైదరాబాద్ ప్రాంతం.

ఇతర ఆచార సంఘాలు

తెలంగాణలో స్థిరపడిన మలయాళీ కతోలికుల్లో చాలామంది సీరో–మలబారు సంఘానికి చెందినవారు. ఆ సంఘానికి 1999లో ఆదిలాబాద్, 2017లో శంషాబాద్ మేత్రాసనాలు ఏర్పడ్డాయి. ఆ ఆచారంలో శిశువుకు జ్ఞానస్నానంతో పాటే అభ్యంగనం ఇస్తారు. వివాహంలో గురువు ఆశీర్వాదం చెల్లుబాటుకే అవసరం, కాబట్టి డీకను జరిపించలేడు. అలాంటి కుటుంబం లాటిన్ విచారణలో పూజకు వచ్చి సత్ప్రసాదం తీసుకోవచ్చు. తండ్రి సీరో–మలబారు అయితే మాత్రం బిడ్డకు లాటిన్ గురువు జ్ఞానస్నానం ఇచ్చినా సాధారణంగా ఆ బిడ్డ తండ్రి సంఘానికే చెందుతుంది. పుస్తకంలో ఆ విషయం రాయాలి.